ఇంటి నమూనా, జనం నమూనా

మా ఇంటికి నేలమాళిగ లేదు. న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఒకరి ఇంటికి ఒకరు వెళ్లినప్పుడు ముందుగా చూడాలనుకునేది బేస్‌మెంటునే కాబట్టి, గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి విడివిడిగా చెప్పుకోవలసి వచ్చింది. చదును చేసిన నేల మీద నేరుగా పోసిన కాంక్రీటు పలకే ఈ ఇంటికి పునాది. ఆ పలకలోనే 1949లో రాగి గొట్టాలు పరిచి, వాటిలో వేడినీళ్లు పారించి, చలికాలంలో నేలంతా వెచ్చగా ఉండేటట్లు ఏర్పాటు చేశారు. మేము వచ్చిన మూడో చలికాలంలో హాల్లో కిటికీ పక్కన ఒకచోట మాత్రం అరికాలు చురుక్కుమనేంత వేడి తగలడం మొదలైంది. ప్లంబరు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, జ్వరం చూసినట్టు అరచేత్తో నేలంతా తడిమి, ఇదిగో ఇక్కడ కారుతోందని వేలు పెట్టి చూపించాడు. ఆ చోట పలక పగలగొట్టాక బయటపడిన పచ్చబారిన గొట్టం ముక్కను నేను పారెయ్యకుండా పుస్తకాల బీరువాలో దాచుకున్నాను.

ఈ ఊరి పేరు లెవిట్‌టౌన్. న్యూయార్కు రాష్ట్రంలో, లాంగ్ ఐలండ్ మీద, నాసో కౌంటీలో ఉంది. అమెరికాలో నగరం అంచున ఒకే సంస్థ ఒకే ప్రణాళికతో కట్టిన ఊళ్ల గురించి ఎవరు మాట్లాడినా ఈ పేరు ఎత్తకుండా ఉండరు. 1947 నుంచి 1951 వరకు ఇక్కడ 17,447 ఇళ్లు కట్టారు. ఆ ఇళ్లన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయని, అలాంటి ఇళ్లలో ఉండే మనుషులు కూడా ఒకేలా తయారవుతారని పట్టణ నిర్మాణ విమర్శకులు అప్పటినుంచీ అంటూనే ఉన్నారు. పదకొండేళ్లుగా ఇక్కడ కాపురముంటున్న నాకు ఆ విమర్శ గురి తప్పిందని గట్టిగా అనిపిస్తోంది. ఇళ్లు ఒకేలా ఉండడం ఈ ఊరి దోషం కాదు. ఆ పోలిక పాతికేళ్లలోనే చెదిరిపోయింది. ఈ ఊరికి రెండో నమూనా ఒకటుంది, అది జనం నమూనా: ఇక్కడ ఎవరుండాలి, ఎవరుండకూడదు, ఒక్కో ఇంట్లో ఎన్ని కుటుంబాలుండాలి అన్న నమూనా. ఇంటి నమూనా కాగితం మీద గీసిన చిత్రం కాబట్టి మారింది. జనం నమూనా షరతుగా, అప్పుగా, చట్టంగా రాసింది కాబట్టి, రాసినవాళ్లు పోయాక కూడా చాలావరకు నిలిచింది. జనాభా లెక్కలు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

ఈ నేల మొదట హెంప్‌స్టెడ్ మైదానం అనే గడ్డిభూమి. తరవాత బంగాళాదుంపల పొలాలు వచ్చాయి. అప్పట్లో ఈ చోటును ఐలండ్ ట్రీస్ అనేవారు. మాకు పక్క ఊరైన హిక్స్‌విల్‌లో 1941లో బంగాళాదుంప వేళ్లను పట్టే గోల్డెన్ నెమటోడ్ అనే నులిపురుగు కనిపించింది. అమెరికాలో దాన్ని గుర్తించడం అదే మొదటిసారి. పురుగు సోకిన పొలాల్లో పంట మీద ఆంక్షలు వచ్చాయి, రైతులకు సాగు గిట్టుబాటు కాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే యుద్ధం ముగిసి సైనికులు లక్షల సంఖ్యలో తిరిగివచ్చారు. పదిహేనేళ్లుగా, ముందు ఆర్థిక మాంద్యం వల్ల, ఆపైన యుద్ధం వల్ల దేశంలో ఇళ్ల నిర్మాణం బాగా కుంటుపడింది. కొత్తగా పెళ్లయినవాళ్లు అత్తమామల ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటూ, సైన్యం వదిలేసిన రేకుల గుడిసెల్లో తలదాచుకుంటూ ఉన్నారు. అమ్మాలనుకునే రైతు, కొనాలనుకునే సైనికుడు ఒకేసారి సిద్ధమైన ఆ సమయంలో వాళ్ల మధ్యకు లెవిట్ అండ్ సన్స్ అనే సంస్థ వచ్చింది.

తండ్రి ఏబ్రహాం లెవిట్ వృత్తిరీత్యా లాయరు, చెట్లంటే ప్రాణం. పెద్దకొడుకు విలియం వ్యాపారం నడిపేవాడు, చిన్నకొడుకు ఆల్‌ఫ్రెడ్ ఇళ్ల చిత్రాలు గీసేవాడు. యుద్ధకాలంలో వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో నౌకాదళ కార్మికులకు ఇళ్లు కట్టినప్పుడే తక్కువ కాలంలో ఎక్కువ ఇళ్లు కట్టడమెలాగో వాళ్లకు పట్టుబడింది. కార్ల కర్మాగారంలో కారు కదులుతుంది, పనివాడు నిలబడతాడు. ఇక్కడ ఇల్లు నిలబడింది, పనివాళ్లు కదిలారు. ఇంటి పనిని సుమారు 27 దశలుగా విడగొట్టి, ఒక్కో దశకు ఒక్కో ముఠాను పెట్టారు. పలక పోసేవాళ్లు పలక పోస్తూ వీధి చివరిదాకా వెళితే, వెనకే చట్రం బిగించేవాళ్లు, వాళ్ల వెనక పైకప్పు వేసేవాళ్లు, ఆ వెనక రంగులవాళ్లు నడిచారు. ఒకడు తెల్లరంగు వేస్తే ఇంకొకడు ఎర్రరంగు మాత్రమే వేసేవాడని చెప్పుకుంటారు. 1948 నాటికి రోజుకు ముప్పై ఇళ్లు పూర్తయ్యేవి. బేస్‌మెంటు తప్పనిసరి అన్న స్థానిక నిబంధన అడ్డొచ్చినప్పుడు, ఇళ్ల కోసం ఎదురుచూస్తున్న మాజీ సైనికులు సభకు వెళ్లి ఒత్తిడి తెచ్చి 1947 మే నెలలో ఆ నిబంధనను మార్పించారు. మా అతిథులు వెతికే నేలమాళిగ మాకు లేకపోవడానికి కారణం ఆ రోజు జరిగిన ఓటే.

1947 అక్టోబరు 1న మొదటి 300 కుటుంబాలు దిగాయి. అద్దె నెలకు 60 డాలర్లు. ముప్పై అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు, రెండు పడకగదులు, ఒక స్నానాలగది, వంటింట్లో బెండిక్స్ బట్టల మిషను, పైన తరవాతెప్పుడైనా గదులు వేసుకోవడానికి వదిలిన ఖాళీ అటక: ఇంతే ఇల్లు. 1949 నుంచి కట్టిన, రాంచ్ అనే కొత్త నమూనా ఇళ్లను 7,990 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. మాది ఆ వరసలోదే. మాజీ సైనికులకు ప్రభుత్వ హామీ ఉండడం వల్ల ముందుగా రొక్కం ఏమీ కట్టనక్కరలేదు, నెలకు 58 డాలర్ల వాయిదా చాలు. అద్దెకన్నా సొంతిల్లు చవక అయిన రోజులవి. ఇది చిన్న విషయమని నేను ఎన్నడూ అనను. మా నాన్నగారు హౌసింగ్ బోర్డు వారి రెండు గదుల ఎల్ఐజీ ఇంటి కోసం జీతంలోంచి వాయిదాలు కట్టిన ఏళ్లు నాకు తెలుసు. ఇంటి కాగితం చేతికొచ్చిన రోజున ఆయన దాన్ని దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. 1947లో ఇక్కడ తాళంచెవి అందుకున్న ఇరవై అయిదేళ్ల సైనికుడి ముఖంలో కూడా ఆ వెలుగే ఉండి ఉంటుంది.

ఇంటితోపాటు నియమాలూ వచ్చాయి. కంచెలు వేయకూడదు. గడ్డి వారానికొకసారి కోయాలి, లేకపోతే సంస్థవాళ్లే మనిషిని పంపి కోయించి ఖర్చు రాబడతారు. బట్టలు పొడవాటి తాడు మీద కాక, మడిచిపెట్టే గొడుగులాంటి చట్రం మీదే ఆరేయాలి, అదీ సెలవు రోజుల్లో కుదరదు. ఏబ్రహాం ప్రతి ఇంటికీ పండ్లచెట్లు నాటించాడు. మా పెరట్లోని ముసలి ఆపిల్ చెట్టు ఆయన నాటించినదేనని ఇల్లు అమ్మినావిడ చెప్పారు. ఈ నియమాలన్నీ కాలక్రమంలో కరిగిపోయాయి. కంచెలు లేచాయి, అటకలు గదులయ్యాయి, ముందుకొక వరండా, పక్కకొక గరాజు పుట్టుకొచ్చాయి. మా వీధిలో పదహారు ఇళ్లున్నాయి, వాటిలో ఏ రెండింటి ముఖాలూ కలవవు. కట్టినప్పటి రూపం చెడని ఇల్లు కావాలంటే ఊరంతా గాలించవలసిందే. కాబట్టి అచ్చుగుద్దిన ఇళ్లు మనుషులను అచ్చుగుద్దుతాయన్న జోస్యం ఫలించలేదు, ఇంటిని తన ఇష్టానికి వంచుకోవడం మనిషికి ఏ దేశంలోనైనా వెన్నతో పెట్టిన విద్యే.

కరగని నియమం ఒకటుంది. తొలినాటి అద్దె ఒప్పందంలో 25వ షరతు అది. దాన్ని పెద్దక్షరాల్లో అచ్చువేశారు. కకేషియన్, అంటే తెల్ల జాతికి చెందనివారెవరినీ ఈ ఇంట్లో ఉండనివ్వనని అద్దెకున్నవారు ఒప్పుకోవాలి. కకేషియన్ జాతివారు కాని పనివాళ్లను పెట్టుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు. అంటే నల్లజాతి స్త్రీ ఈ ఇంటి నేల తుడవవచ్చు గాని, ఈ నేల మీద తన బిడ్డను పడుకోబెట్టుకోకూడదు. ఈ వాక్యాన్ని నేను మొదటిసారి చదివింది ఈ వెచ్చని నేల మీద కూర్చునే. కాసేపు లేవలేకపోయాను. 1947లో నేను వచ్చి ఉంటే ఆ షరతు నాకూ వర్తించేది. భారతీయులు తెల్లవారు కారని అమెరికా సుప్రీంకోర్టు 1923లోనే భగత్‌సింగ్ థింద్ కేసులో తేల్చింది.

ఇది ఒక వ్యాపారి సొంత పక్షపాతమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఇళ్లు కట్టకముందే లెవిట్‌లకు బ్యాంకులు అప్పిచ్చాయంటే, ఆ అప్పులకు 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పూచీ పడడం వల్లనే. ఏ ఇళ్లకు పూచీ పడాలో తన ఉద్యోగులకు చెప్పే మార్గదర్శకంలో ఆ సంస్థ, ఒక ప్రాంతంలో ఒకే జాతివారుంటే ఇళ్ల విలువ స్థిరంగా ఉంటుందని రాసి, జాతి షరతులను మెచ్చుకుంది. ఆ రోజుల్లో ఇలాంటి కొత్త ఊరిని పూచీ లేకుండా కట్టడం దాదాపు అసాధ్యం. 1948 మేలో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని తీర్పిచ్చింది. ఒప్పందంలోంచి అక్షరాలు తీసేశారు, అమ్మేవాళ్ల నోటిమాటలో మాత్రం షరతు అలాగే ఉండిపోయింది. యూజీన్ బర్నెట్ అనే నల్లజాతి మాజీ సైనికుడు 1949లో న్యూయార్కు నగరంలోని హార్లెం నుంచి భార్యతో కలిసి నమూనా ఇల్లు చూడడానికి వచ్చాడు. నల్లవారికి అమ్మాలని కట్టేవాళ్లు ఇంకా నిర్ణయించలేదని చెప్పి అమ్మకందారు ఆయనను పంపేశాడు. ఆయన లాంగ్ ఐలండ్ మీదే మరో ఊళ్లో స్థిరపడి, పోలీసు ఉద్యోగం చేశారు. ఆనాటి తిరుగు ప్రయాణాన్ని యాభై ఏళ్ల తరవాత కూడా మరిచిపోలేదని చెప్పేవారు. ఆయన చేసిన యుద్ధం, ఆయనకు దక్కవలసిన రుణ హక్కు, కొనాలనుకున్న ఇల్లు ఏవీ పక్కింటి తెల్ల సైనికుడివాటికి తేడా కాదు.

ఈ కథ చదువుతున్నప్పుడల్లా హైదరాబాదులో అద్దె ఇళ్ల కోసం తిరిగిన రోజులు నాకు గుర్తొస్తాయి. ఇల్లు చూపించి, అద్దె చెప్పి, నీళ్లెప్పుడొస్తాయో చెప్పి, చివరన గుమ్మంలో నిలబడి "ఇంతకీ మీరేమిట్లు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి ఇల్లు దక్కించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ జవాబు చెప్పి వెనుదిరిగినవాళ్ల గురించి ఆ రోజు నేను ఆలోచించలేదు, ఇక్కడికొచ్చి 25వ షరతు చదివాకే ఆలోచించాను. ఆ మాట ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం నాకు సబబుగా తోచలేదు.

విలియం లెవిట్ తన పద్ధతిని సమర్థించుకుంటూ, యూదుడిగా తనకు జాతి ద్వేషం లేదని, కానీ ఒక నల్లజాతి కుటుంబానికి అమ్మితే తెల్ల కొనుగోలుదారుల్లో నూటికి తొంభైమంది పైన రారని, ఇళ్ల సమస్యనైనా జాతి సమస్యనైనా పరిష్కరించగలం గాని రెండింటినీ కలిపి పరిష్కరించలేమని అన్నాడు. ఈ వాదనను నేటికీ మర్యాదస్తులు ఒప్పుకుంటారు. జనం కోరుకున్నది కట్టేవాడు ఇచ్చాడు, అంతే కదా అంటారు. దీనికి జవాబు లెవిట్ కట్టిన ఊళ్లలోనే దొరుకుతుంది. ఆయన కట్టింది ఒక్క లెవిట్‌టౌన్ కాదు. రెండోది పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీలో, కొత్తగా వస్తున్న ఉక్కు కర్మాగారం పక్కన, 1952 నుంచి 1958 వరకు 17,311 ఇళ్లతో కట్టాడు. మూడోది న్యూజెర్సీలోని విలింగ్‌బరోలో 1958లో మొదలుపెట్టాడు. కట్టేవాడు, పద్ధతి, కొనుగోలుదారుల తరగతి మూడింటిలోనూ ఒకటే. మారింది చట్టం ఒక్కటే. మూడు ఊళ్ల జనాభా ఎంత వేరుగా తయారైందో చూస్తే, జనం కోరిక ఎంత, చట్టం చేసిన పని ఎంత అన్నది తేలుతుంది.

పెన్సిల్వేనియాలో సంస్థ ఎవరికి అమ్మదో వాళ్లు రెండో చేతి ఇల్లు కొని రావలసి వచ్చింది. 1957 ఆగస్టు 13న విలియం, డెయిసీ మయర్స్ దంపతులు తమ ముగ్గురు పిల్లలతో డాగ్‌వుడ్ హాలో అనే పేటలోని ఇంట్లో దిగారు. ఆ సాయంత్రానికే ఇంటిముందు గుంపు చేరింది. రాత్రుళ్లు వందలమంది నిలబడి కేకలు వేశారు, రాళ్లు విసిరి కిటికీ పగలగొట్టారు, రాయి తగిలి ఒక పోలీసు స్పృహ తప్పాడు. వెనక ఉన్న ఖాళీ ఇంటిని అడ్డా చేసుకుని, బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా ఎగరేసి, ఆ కుటుంబానికి నిద్ర లేకుండా బిగ్గరగా పాటలు పెట్టేవారు. పక్కింటి వెష్లర్ దంపతులు, కొందరు ఇరుగుపొరుగువారు మాత్రం మయర్స్ కుటుంబానికి తోడుగా నిలిచారు. చివరికి రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెళ్లి వేధింపులపై నిషేధం తెచ్చాకే వీధి చల్లబడింది. నాలుగేళ్లు ఉండి, 1961లో ఆ కుటుంబం వెళ్లిపోయింది. లెవిట్ చెప్పినట్టే జరిగిందిగా అనవచ్చు. నేను అలా అనుకోను. తెల్లవాళ్లే ఉంటారని మాట ఇచ్చి వేల ఇళ్లు అమ్మినవాడు, ఆ మాట తప్పిన రోజున రాళ్లు పడడాన్ని తన ముందుచూపుకు సాక్ష్యంగా చూపించుకోకూడదు. అదే బక్స్ కౌంటీలో, లెవిట్‌టౌన్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే, మోరిస్ మిల్‌గ్రామ్ అనే ఆయన 1954లో కాంకర్డ్ పార్క్ అనే చిన్న కాలనీ కట్టాడు. తెల్లవారూ నల్లవారూ కలిసి ఉండాలని ముందే ప్రకటించి 139 ఇళ్లు కట్టి, రెండు రంగులవారికీ అమ్మాడు. కొనేవాళ్లు దొరికారు. అప్పిచ్చేవాళ్లను పట్టుకోవడమే ఆయనకు గగనమైంది.

ఇక న్యూజెర్సీ సంగతి. ప్రభుత్వ సాయం పొందిన ఇళ్ల అమ్మకంలో జాతి వివక్ష చూపకూడదని అక్కడ రాష్ట్ర చట్టం ఉండేది. లెవిట్ ఇల్లు అమ్మనన్న నల్లజాతి కొనుగోలుదారులు ఫిర్యాదు చేశారు. ఫెడరల్ పూచీ తీసుకున్నారు కనుక ఇవి ప్రభుత్వ సాయం పొందిన ఇళ్లేనని 1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తేల్చింది. ఏ పూచీ లాంగ్ ఐలండ్‌లో నల్లవారిని బయట ఉంచడానికి ఆధారమైందో, అదే పూచీ న్యూజెర్సీలో వాళ్లకు తలుపు తెరిచింది. ఊరి పేరును 1959లో లెవిట్‌టౌన్ అని మార్చుకున్న ప్రజలు 1963లో మళ్లీ విలింగ్‌బరో అని పాతపేరే పెట్టుకున్నారు. ఆ తరవాతి కథ కూడా సుఖాంతమేమీ కాదు. 1970ల్లో తెల్ల కుటుంబాలు వరసగా ఇళ్లమ్ముకుని వెళ్లిపోతుంటే, ఆ భయాన్ని ఆపడానికి ఇళ్లముందు అమ్మకపు బోర్డులు పెట్టకూడదని ఊరి పాలకులు నియమం చేశారు. అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని 1977లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ రోజు విలింగ్‌బరోలో నల్లజాతివారే అత్యధికులు. చుట్టుపక్కల ఊళ్లన్నీ మూసుకుని ఉండగా ఒక్క ఊరే తెరుచుకుంటే రావాలనుకున్నవాళ్లందరూ అక్కడికే వస్తారు, పోవాలనుకున్నవాళ్లకు పోవడానికి మూసిన ఊళ్లు సిద్ధంగా ఉంటాయి.

మా ఊరి లెక్కలకు వస్తాను. ముందు ఒక మాట చెప్పాలి: లెవిట్‌టౌన్‌కు సొంత పురపాలక సంఘం లేదు, మేయరు లేడు. హెంప్‌స్టెడ్ అనే పెద్ద పాలనా విభాగం పరిధిలోని ఈ చోటుకు జనగణనవాళ్లు ఒక గీత గీసి లెవిట్‌టౌన్ అన్నారు. లెవిట్ ఇళ్లు కొన్ని ఆ గీత దాటి వాంటా, హిక్స్‌విల్, ఈస్ట్ మెడో వైపు ఉన్నాయి, గీత లోపల లెవిట్ కట్టనివీ ఉన్నాయి. 1950లలో ఊరి జనాభా 82,000 అని చాలాచోట్ల రాస్తుంటారు, జనగణనలో మాత్రం ఎన్నడూ అంత కనిపించదు. ఆ పెద్ద అంకె లెవిట్ ఇళ్లన్నింటినీ ఎక్కడున్నా కలుపుకుని చెప్పినది. నేను గీత లోపలి లెక్కనే తీసుకుంటున్నాను, ఎందుకంటే దశాబ్దాల తరబడి పోల్చడానికి వీలైనది అదొక్కటే.

1960లో 65,276 మంది. 1970లో 65,440. అదే శిఖరం. 1980కి 57,045, 1990కి 53,286, 2000కి 53,067, 2010కి 51,881, 2020కి 51,758. యాభై ఏళ్లలో పదమూడు వేలకు పైగా మనుషులు తగ్గారు, అంటే అయిదుగురిలో ఒకరు. అయినా ఈ ఊళ్లో పాడుబడ్డ ఇల్లు ఒక్కటి చూపించలేరు. ఏ ఇల్లు అమ్మకానికి వచ్చినా వారం తిరక్కుండా పోటీపడి కొంటారు, 7,990 డాలర్ల ఇళ్లు ఇప్పుడు ఆరు లక్షల డాలర్లు దాటాయి. గిరాకీ ఇంతగా పెరుగుతున్న చోట జనం తగ్గడమేమిటి? ఇళ్లు అన్నే ఉన్నాయి, ఇంట్లో మనుషులు తగ్గారు. అందరూ ఒకే వయసులో వచ్చారు, ఒకేసారి పిల్లల్ని కన్నారు. కుందేళ్ల గూడు అని ఊరికి అప్పట్లో ముద్దుపేరు. ఆ పిల్లలు ఒకేసారి బడికెళ్లి, ఒకేసారి పెద్దవాళ్లై వెళ్లిపోయారు. లెవిట్‌టౌన్ బడుల మండలంలో మూడు హైస్కూళ్లుండేవి, ఒకటి మూతపడింది. అందరినీ ఒకే వయసువాళ్లుగా ఏరి తెచ్చిన ఊరికి ఇది తప్పని ఫలితం. పాత ఊళ్లలో ఒక ఇంట్లో పురిటి మంచం, ఇంకో ఇంట్లో ముసలి మంచం ఉంటాయి కనుక లెక్క ఎప్పుడూ ఒకలాగే తూగుతుంది. ఇక్కడ తక్కెడ మొత్తం ఒక పక్కకు, తరవాత మొత్తం రెండో పక్కకు ఒరిగింది.

బడుల ఖర్చు కూడా ఈ నమూనాలోదే. లెవిట్‌లు ఇళ్లు కట్టారు, కొట్లు కట్టారు, తొమ్మిది ఈతకొలనులు తవ్వించారు. పన్ను కట్టే కర్మాగారాలు మాత్రం ఊరి హద్దుల్లో లేవు. ఉద్యోగాలు బెత్‌పేజ్‌లోని గ్రుమన్ విమానాల ఫ్యాక్టరీలో, నగరంలో ఉండేవి. బడుల భారమంతా ఇళ్ల మీది పన్నుపైనే పడింది. ఈ అన్యాయం మీద లెవిట్‌టౌన్ బడుల మండలి రాష్ట్రం మీద వేసిన దావా న్యూయార్కు అత్యున్నత కోర్టు దాకా వెళ్లి 1982లో ఓడిపోయింది. మా ఇంటి పన్ను చీటీ వచ్చిన ప్రతిసారీ ఆ తీర్పును తలుచుకుంటాను.

జనం తగ్గడం సరే, ఎవరు మిగిలారు అన్నది అసలు సంగతి. 1968లో ఇళ్ల అమ్మకంలో వివక్షను నిషేధిస్తూ ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. దానికి మూడేళ్ల ముందు వచ్చిన వలస చట్టం మనలాంటివాళ్లకు ఈ దేశపు తలుపు తెరిచింది. అయినా 2010 జనగణనలో లెవిట్‌టౌన్ జనాభాలో తెల్లవారు నూటికి దాదాపు 89 మంది, ఆసియావారు ఆరుగురికి కాస్త తక్కువ, నల్లజాతివారు ఒక్కరికన్నా తక్కువ. యాభై రెండు వేలమందిలో అయిదువందలమంది కూడా లేరు. ఇక్కడికి కొద్ది మైళ్ల దూరంలోని రూజ్‌వెల్ట్ అనే ఊళ్లో అదే లెక్కలో నల్లజాతివారు సగానికి పైన ఉన్నారు. కారులో ఇరవై నిమిషాలు పట్టని దూరం అది. 1947 నాటి షరతు ఏ కాగితం మీదా లేని ఈ రోజుల్లో ఆ ఇరవై నిమిషాలు ఎందుకు దాటలేనివయ్యాయో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. 8,000 డాలర్లకు కొన్నవాళ్ల పిల్లలకు ఆరు లక్షల ఆస్తి వచ్చింది, ఆ రోజున కొననివ్వనివాళ్ల పిల్లలకు అద్దె రసీదులు మిగిలాయి. ఇప్పుడు ఈ ఊరి తలుపు తాళం ధరే. పూచీ ఇచ్చిన ప్రభుత్వం అప్పుడే ఆ తాళాన్ని తయారుచేసి పెట్టింది.

ధర ఒక్కటే కూడా కాదు. న్యూస్‌డే పత్రిక మూడేళ్లు పరిశోధించి, తెల్లవారిని, ఇతరులను కొనుగోలుదారుల్లా జంటలుగా పంపి, 93 మంది ఏజెంట్ల తీరును పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించింది. నల్లజాతివారికి నూటికి 49 పరీక్షల్లో, హిస్పానిక్‌లకు 39లో, ఆసియావారికి 19లో తేడా చూపినట్టు తేలింది. ఆ 19 అంటే ఏమిటో మాకు ముందే అనుభవం. మేము ఇల్లు వెతికే రోజుల్లో ఒక ఏజెంటు, మేము ఏ ఊరు అడిగినా ఒప్పుకుంటూనే, కారు మాత్రం ప్రతిసారీ హిక్స్‌విల్ వైపే తిప్పేవారు. అక్కడ భారతీయుల కొట్లున్నాయి, మీవాళ్లు చాలామంది ఉన్నారు, మీకు బాగుంటుందని ఎంతో ఆప్యాయంగా చెప్పేవారు. హిక్స్‌విల్‌లో మంచి కరివేపాకు దొరుకుతుందన్నది నిజమే. అయితే నేను అడిగింది కరివేపాకు కాదు. మరి మేమేం చేశాం? రూజ్‌వెల్ట్‌లో, యూనియన్‌డేల్‌లో ఇంతకన్నా చవకగా, ఇంతకన్నా పెద్ద ఇళ్లుండగా అటు కన్నెత్తి చూడలేదు. బడులు బాగుండవన్నారు స్నేహితులు. రేపు అమ్మేటప్పుడు ధర రాదన్నారు. ఇవాళ్టికీ ఎవరైనా కొత్తగా వచ్చి సలహా అడిగితే మనవాళ్ల వాట్సాప్ గుంపుల్లో వచ్చే జవాబులు ఈ రెండే. ఇళ్ల విలువ నిలబడాలంటే ఇరుగుపొరుగు ఒకేలా ఉండాలని 1930లలో ప్రభుత్వ మార్గదర్శకం రాసిన వాక్యాన్ని మనం తెలుగులో, ద్వేషం లేకుండా, పిల్లల మంచి కోరి మళ్లీ పలుకుతున్నాం. ద్వేషం లేకపోవడం వల్ల దాని ఫలితం తగ్గదు.

జనం నమూనాలో చివరి షరతు, ఇంటికొక కుటుంబం అన్నది. మిగతావి పోయినా ఇది స్థానిక చట్టంలో పదిలంగా ఉంది. మనకు మేడ మీద వాటా వేసి అద్దెకివ్వడం తరతరాల అలవాటు. ఇక్కడ అది నేరం. వాటాకు రెండో వంటిల్లు కావాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి, అందులో దగ్గరి బంధువులే ఉండాలి. అలాంటి ఇంటికి ఇక్కడ వాడుకలో తల్లీకూతుళ్ల ఇల్లు అని పేరు. ఇళ్ల కొరత తీర్చడానికి ఊళ్లన్నీ ఇంకొన్ని ఇళ్లకు చోటివ్వాలని 2023లో న్యూయార్కు గవర్నరు క్యాథీ హోకుల్ ప్రతిపాదిస్తే, లాంగ్ ఐలండ్ నుంచి వచ్చిన వ్యతిరేకత మరే ప్రాంతానికీ తీసిపోలేదు. కొద్ది నెలల్లోనే ఆ ప్రతిపాదన అటకెక్కింది. మా వీధిలో పచ్చిక మీద నిలబెట్టిన బోర్డుల్లో, మన ఊరి స్వరూపాన్ని కాపాడుకుందాం అని రాసి ఉండేది. బోర్డు పెట్టిన ప్రతి ఇల్లూ లెవిట్ గీసిన స్వరూపాన్ని ఎప్పుడో మార్చేసుకున్నదే. పక్కకు పెంచుకున్నారు, పైకి లేపుకున్నారు, గరాజు కట్టుకున్నారు. గోడలను ఎంత కదిపినా ఫరవాలేదు, మనుషుల లెక్క కదపకూడదన్నది వాళ్ల మాట. ఆ ఇళ్లవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. మా పలక పగిలిన వారమంతా మాకు హీటర్లు తెచ్చిచ్చింది వాళ్లే. అందుకే ఈ మాట వాళ్ల ముఖాన చెప్పగలిగాను, మళ్లీ చెబుతాను.

మా అటకను గదులుగా చేయించింది మా అమ్మ కోసం. అనుమతి తీసుకుని చిన్న వంటగట్టు, పక్కనే దేవుడి గూడు పెట్టించాం. 2020 జనగణన కాగితం వచ్చినప్పుడు ఈ ఇంట్లో నలుగురం అని రాశాం. చలి పడక అమ్మ హైదరాబాదు వెళ్లిపోయింది, ఇక రానని చెప్పింది. పోయిన ఏడాది, రాత్రి పూట ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు, నాకు చాలాకాలంగా పరిచయం ఉన్నావిడ, మీ పైవాటా ఖాళీయే కదా, అద్దెకిస్తారా అని అడిగింది. నల్లజాతి స్త్రీ, ఇద్దరు పిల్లల తల్లి. పిల్లలను లెవిట్‌టౌన్ బడిలో వెయ్యాలని ఆమె కోరిక. ఆమె మాకు బంధువు కాదు కాబట్టి నియమం ఒప్పుకోదు. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. నేను పూర్తిగా చెప్పకముందే ఆమెకు అర్థమైపోయింది, ఫరవాలేదులెండి అని నన్నే ఓదార్చింది. నవంబరు రాగానే పైగదుల్లో వేడి కట్టేస్తాం, తలుపు కింద సందులోంచి చలి రాకుండా పాతచీర చుట్టిపెడతాం. వచ్చే జనగణనలో ఈ ఇంటికి ముగ్గురు అని రాయాలి.